మచ్చు ఒకటి.. బస్తాలో సరుకు మరొకటి

సర్వర్లకు కన్నం వేయబోయిన ఎక్స్‌జడ్ కుట్ర
సాఫ్ట్‌వేర్ విడుదలలో మనిషి చేతికి బదులు యంత్రం

మార్కెట్ యార్డులో చూపిన మచ్చు ఒకటి, లారీకెక్కిన బస్తాల్లోని సరుకు మరొకటి అయితే ఆ మోసం ఎంతో కాలం దాగదు. సరుకు దించుకునే చోట ఎవరో ఒకరు పసిగడతారు. లోకమంతా వాడే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ విషయంలో ఇదే మోసం జరిగితే? 2024లో అచ్చంగా అదే జరిగింది. ఫిబ్రవరి 24న విడుదలైన సరుకులోని విషం మార్చి 29 వరకు బయటి ప్రపంచానికి తెలియలేదు. అందరికీ కనిపించేలా ఉంచిన మూల ప్రతికి, విడుదల పేరిట పంచిన కట్టకు మధ్య ఉన్న తేడాయే ఆ మోసానికి ఆయువుపట్టు.

సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి, మూట కట్టి, ముద్ర వేసి జనంలోకి పంపే పనిని ఒక మనిషి చేతిలో ఉంచాలా, అందరి కళ్ల ఎదుట నడిచే యంత్రానికి అప్పగించాలా? ఈ చర్చ పాతదే అయినా దాని వెనుక ఉన్న ప్రమాదం ఎంతటిదో ఎక్స్‌జడ్ ఉదంతంతోనే తేటతెల్లమైంది.

ఎవరి సొత్తూ కాదు.. అందరి సొత్తు

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే దాని మూల ప్రతిని, అనగా ప్రోగ్రామర్లు రాసిన సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ ఈ కోవలోనివే. వేల సంఖ్యలో ఉండే ఇటువంటి సాఫ్ట్‌వేర్లను ఒక్కచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసగేలా సరిచూసి అందించే పనిని 1993లో మొదలైన డెబియన్ వంటి ప్రాజెక్టులు చేస్తున్నాయి. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. మన దేశంలో సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కు సైతం పునాది డెబియనే. అక్కడ జరిగే మంచిచెడులు ఎక్కడో విదేశీయుల వ్యవహారమని కొట్టిపారేయలేనిది ఇందువల్లనే. మూలంలో కలిసిన కల్తీ పంట కాల్వల దాకా పారుతుంది.

అందరి సొత్తు అనగానే వేలమంది కాపలా కాస్తుంటారని అనుకోవడం సహజం. పెద్ద ప్రాజెక్టుల సంగతి అంతే. కానీ వాటి అడుగున ఇటుకల్లా ఉండే చిన్న ప్రాజెక్టులను ఒకరిద్దరే, అదీ జీతభత్యాలు లేకుండా, తీరిక వేళల్లో నెట్టుకొస్తుంటారు. ఎక్స్‌జడ్ యుటిల్స్ అటువంటి ఇటుకే. ఫైళ్లను కుదించి చిన్నవిగా చేయడం దాని పని.

పరీక్షలకు రాత్రీపగలూ లేదు

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అన్న మాట తెలుగునాట కొత్తది కాదు. డిగ్రీ చేతికి రాగానే అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని టెస్టింగ్ కోర్సులో చేరిన యువకులు ప్రతి జిల్లాలోనూ కనిపిస్తారు. మనిషి తెర ముందు కూర్చుని ఒక్కొక్క మీట నొక్కి చూసే పద్ధతి నుంచి, ఆ పనిని ప్రోగ్రామ్‌తోనే చేయించే పద్ధతికి పరిశ్రమ మళ్లడాన్ని వారు ప్రత్యక్షంగా చూశారు. 2004లో పుట్టిన సెలీనియం అనే ఓపెన్ సోర్స్ పరికరం వారిలో చాలామందికి అన్నం పెట్టింది.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఈ యాంత్రీకరణ మరింత విస్తృతం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌నే తీసుకుంటే, ఆండ్రూ డన్‌స్టన్ చొరవతో 2004లో బిల్డ్ ఫార్మ్ అనే ఏర్పాటు మొదలైంది. వేర్వేరు దేశాల్లోని స్వచ్ఛంద సభ్యులు తమ వద్ద ఉన్న యంత్రాలను ఇందుకు కేటాయిస్తారు. కొన్ని కొత్తవి, కొన్ని పాతవి. ఒక్కొక్క దానిపై ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమ్. మూల ప్రతిలో ఎవరైనా మార్పు చేసిన వెంటనే ఈ యంత్రాలు దాన్ని తెచ్చుకుని, తమంత తాముగా నిర్మించి, వందలాది పరీక్షలు జరిపి ఫలితాన్ని ఒకే పట్టికలో నమోదు చేస్తాయి. పచ్చగా ఉంటే క్షేమం, ఎర్రబడితే ఎవరో ఒకరు కారణం వెతకాలి. ఫలానా మార్పు తన లాప్‌టాప్‌లో బాగానే పనిచేసిందన్న సమాధానం అక్కడ చెల్లదు.

రస్ట్ భాషను సృష్టించిన గ్రేడన్ హోర్ మరో అడుగు ముందుకు వేశారు. పరీక్షలన్నీ నెగ్గిన మార్పే మూల ప్రతిలో చేరాలి, చేర్చే పనిని సైతం మనిషి కాక యంత్రమే చేయాలి అన్నది ఆయన నియమం. చేర్చిన తరవాత పరీక్షించడం వేరు, నెగ్గితేనే చేర్చడం వేరు. రెండో పద్ధతిలో మూల ప్రతి ఏ క్షణంలోనైనా విడుదలకు సిద్ధంగా ఉంటుంది. 2015 మే 15న 1.0 సంచిక వెలువడిన నాటి నుంచి ఆరు వారాలకొకసారి, రైలు వేళ తప్పనట్లు, రస్ట్ కొత్త సంచికలు రావడానికి ఈ క్రమశిక్షణే ఆధారం. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కైతే 2023 లెక్కల ప్రకారం అసలు కోడ్ సుమారు లక్షా 56 వేల వరుసలు కాగా, పరీక్షల కోడ్ దానికి 590 రెట్లు.

మూట కట్టే చోటే లొసుగు

పరీక్షల పని ఇంతగా యంత్రాల పాలైనా, విడుదల మాత్రం చాలాచోట్ల ఒక పెద్దమనిషి చేతి మీదుగానే సాగుతూ వచ్చింది. ప్రాజెక్టు నిర్వాహకుడు తన సొంత కంప్యూటర్‌లో మూల ప్రతిని తీసుకుని, దానికి కొన్ని ఫైళ్లు జతచేసి, టార్‌బాల్ అనే మూటగా కట్టి, తన డిజిటల్ సంతకం పెట్టి విడుదల చేస్తాడు. జతచేసే ఫైళ్లు ఎందుకంటే, వినియోగదారుడి వద్ద సాఫ్ట్‌వేర్‌ను నిర్మించేందుకు కావలసిన కొన్ని స్క్రిప్టులు మూల ప్రతిలో ఉండవు. వాటిని వేరే పరికరాలతో తయారు చేయాలి. అందరి వద్దా ఆ పరికరాలు ఉండవు గనుక, ముందే తయారు చేసి మూటలో పెట్టడం దశాబ్దాల ఆనవాయితీ.

ఈ స్క్రిప్టులు వేల వరుసలు ఉంటాయి. యంత్రం తయారు చేసిన రాత కావడంతో మనిషికి చదవ శక్యం కాదు. ఎవరూ చదవరు. మూల ప్రతిలో అక్షరం మారినా పదిమంది కళ్లు పడతాయి గాని, మూటలో అదనంగా చేరిన దానిపై ఏ కన్నూ పడదు. దొంగకు ఇంతకన్నా చక్కటి సందు దొరకదు.

రెండేళ్ల నమ్మకం.. ఒక్క విడుదలతో ద్రోహం

ఎక్స్‌జడ్‌ను ఏళ్ల తరబడి నిర్వహించిన వ్యక్తి ఫిన్లాండ్‌కు చెందిన లాస్సే కొలిన్. 2021 చివరిలో జియా టాన్ అనే పేరుతో ఒకరు చిన్న చిన్న సవరణలు పంపడం మొదలుపెట్టారు. 2022లో మరికొన్ని పేర్లతో ఎవరెవరో రంగంలోకి దిగి, ప్రాజెక్టు నత్తనడక నడుస్తోందని, కొత్తవారికి బాధ్యత అప్పగించాలని కొలిన్‌పై ఒత్తిడి తెచ్చారు. ఇది జీతం లేని వ్యాపకమని, తన ఆరోగ్యమూ సరిగా లేదని ఆయన బదులిచ్చారు. చివరకు నిర్వహణలో జియా టాన్‌కు చోటు దక్కింది. 2023 నాటికి విడుదల సంతకం సైతం ఆ చేతిలోకి వచ్చింది. ఆ పేరు వెనుక ఉన్నది ఎవరో, ఒక్కరో పలువురో నేటికీ తేలలేదు.

2024 ఫిబ్రవరి 24న 5.6.0, మార్చి 9న 5.6.1 సంచికలు వెలువడ్డాయి. విషం రెండు భాగాలుగా ఉంది. ఒక భాగం పరీక్షల కోసం ఉంచిన నమూనా ఫైళ్ల రూపంలో మూల ప్రతిలోనే చేరింది. ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్‌కు పాడైన ఫైలు ఎదురైతే ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి గనుక, అర్థంకాని అక్షరాలతో నిండిన ఫైలు అక్కడ ఉండటంపై ఎవరికీ అనుమానం రాదు. పరీక్షల అరనే దొంగ తన పెట్టెగా వాడుకున్నాడన్నమాట. రెండో భాగం ఆ పెట్టెను తెరిచే తాళంచెవి. అది మూల ప్రతిలో లేదు. విడుదల మూటలోని ఒక స్క్రిప్టులో మాత్రమే ఉంది.

ఆ తాళంచెవి సైతం అన్నిచోట్లా తిరగదు. కంప్యూటర్ 64 బిట్ల ఇంటెల్ తరహాది కావాలి, ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కావాలి, జరుగుతున్నది డెబియన్ లేదా ఆర్‌పీఎం తరహా ప్యాకేజీ నిర్మాణం కావాలి. అప్పుడే మేలుకుంటుంది. దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశించేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ అనే ద్వారం దాని గురి. నిజానికి ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జడ్‌తో నేరుగా సంబంధం లేదు. సిస్టమ్‌డీ అనే మరో సాఫ్ట్‌వేర్‌తో జతకూర్చేందుకు కొన్ని లినక్స్ పంపిణీలు చేసుకున్న మార్పు వల్ల ఆ బంధుత్వం ఏర్పడింది. రహస్య తాళం ఉన్న వ్యక్తి సంకేతపదంతో నిమిత్తం లేకుండా సర్వర్‌పై తనకు ఇష్టమైన ఆదేశాన్ని నడిపించగలిగే ఏర్పాటు అది. ప్రమాద తీవ్రత కొలమానంలో దానికి పదికి పది మార్కులు పడ్డాయి.

యంత్రాలు చూస్తుండగానే..

డెబియన్‌లో కొత్త ప్యాకేజీ నేరుగా ప్రజలకు చేరదు. ముందు అన్‌స్టేబుల్ అనే విభాగంలో చేరుతుంది. అత్యవసరాన్ని బట్టి రెండు, ఐదు లేదా పది రోజులు అక్కడ నిలవాలి. దానిపై ఆధారపడిన ఇతర ప్యాకేజీల పరీక్షలు చెడిపోతే ముందుకు కదలదు. అన్నీ కుదిరితే బ్రిట్నీ అనే ప్రోగ్రామ్ దాన్ని టెస్టింగ్ విభాగంలోకి పంపుతుంది. అందులో మనిషి ప్రమేయం నామమాత్రం. విషం కలిసిన ఎక్స్‌జడ్ ఈ మెట్లన్నీ సజావుగా ఎక్కి టెస్టింగ్‌లోకి చేరింది. ఫెడోరా, ఓపెన్‌సూసే, కాలీ లినక్స్‌ల కొన్ని సంచికల్లోకీ వెళ్లింది. సామాన్య వినియోగదారులు వాడే డెబియన్ స్టేబుల్ సంచిక మాత్రం దీని బారిన పడలేదు.

యంత్రాలు విఫలమయ్యాయా అంటే పూర్తిగా అలా అనలేం. ఫైళ్లు సరిగా కుదించబడుతున్నాయా అని అడిగారు, అవునని సమాధానం చెప్పాయి. కుదింపు పని చక్కగానే సాగింది. దొంగతనం గురించి వాటిని అడిగినవారే లేరు. యంత్రానికి పరీక్ష తెలుసుగాని ఉద్దేశం తెలియదు. పైగా, కనిపెట్టే అవకాశమున్న యంత్రాన్ని ముందుగానే పక్కకు తప్పించారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు చిత్రవిచిత్రమైన ఇన్‌పుట్లు ఇచ్చి లోపాలు వెతికే ఓఎస్‌ఎస్ ఫజ్ అనే సేవను గూగుల్ 2016 నుంచి నడుపుతోంది. 2023 జులైలో జియా టాన్ ఏదో సాంకేతిక సాకు చూపి, తర్వాత విషానికి వాహకంగా వాడబోయే సదుపాయాన్ని ఆ పరీక్షల్లో నిలిపివేయించారు. పరీక్షకు మినహాయింపు కోరడం ప్రోగ్రామర్లకు నిత్యకృత్యం కావడంతో ఎవరూ ప్రశ్నించలేదు.

అరసెకను ఆలస్యం

గుట్టు రట్టయిన తీరు మరీ ఆసక్తికరం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రధాన ప్రోగ్రామర్లలో ఒకరైన ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్నారు. డేటాబేస్ వేగాన్ని అతి సూక్ష్మంగా కొలిచేందుకు డెబియన్ అన్‌స్టేబుల్ ఉన్న యంత్రాన్ని నిశ్శబ్దంగా ఉంచే ప్రయత్నంలో ఉండగా, ఎస్‌ఎస్‌హెచ్ ప్రక్రియ అవసరానికి మించి ప్రాసెసర్‌ను వాడుతోందని గమనించారు. అంతకు ముందు 0.299 సెకన్లలో ముగిసే లాగిన్ ప్రయత్నం 0.807 సెకన్లు తీసుకుంటోంది. తేడా అరసెకను.

ఆ అరసెకను ఒక్కటే అయితే ఆయనా వదిలేసేవారేమో. కొన్ని వారాల క్రితం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ యాంత్రిక పరీక్షల్లో, కొత్త ప్యాకేజీలు చేరిన తరవాత, వాల్‌గ్రిండ్ అనే పరికరం ఒక వింత ఫిర్యాదు చేసిన సంగతి ఆయనకు గుర్తుకొచ్చింది. మెమొరీ వాడకంలో తప్పులను పట్టే పరికరం అది. రెండింటినీ కలిపి తీగ లాగితే ఎక్స్‌జడ్ డొంక కదిలింది. మార్చి 29న ఆయన వివరాలన్నీ బహిరంగపరచడంతో ప్రపంచమంతటా సర్వర్ల నిర్వాహకులు ఉలిక్కిపడ్డారు. యంత్రం చేసిన ఫిర్యాదును ఒక మనిషి మరచిపోకపోవడం వల్ల ఈ కుట్ర బయటపడింది తప్ప, ఏ ఒక్కరి ఘనతా కాదు, ఏ ఒక్క పరికరం ఘనతా కాదు.

వాల్‌గ్రిండ్ ఫిర్యాదులు కుట్రదారుల దృష్టికీ వచ్చాయి. మార్చి 9 నాటి 5.6.1 సంచికలో వాటి నోరు మూయించే ప్రయత్నం జరిగింది. కంపైలర్‌లో లోపమంటూ తప్పుడు కారణం రాసిపెట్టారు.

ఎర్రదీపాన్ని ఆర్పివేయడం వల్ల వాటిల్లే నష్టం డెబియన్‌కు కొత్త కాదు. 2006లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో ఇదే వాల్‌గ్రిండ్ హెచ్చరికను తప్పించేందుకు, సదుద్దేశంతోనే, రెండు వరుసలు తొలగించారు. దాంతో రహస్య తాళాల తయారీలో యాదృచ్ఛికత నశించి, ఒక్కో రకంలో 32,767 తాళాలు మాత్రమే పుట్టే దుస్థితి ఏర్పడింది. అది వెలుగుచూసింది 2008 మే 13న. అప్పుడు అమాయకత్వం, ఇప్పుడు దురుద్దేశం. యాంత్రిక పరీక్షలతో వచ్చే చిక్కు ఇదే. ఊరికే ఎర్రబడి, మళ్లీ నడిపితే పచ్చబడే ఊగిసలాట పరీక్షలు ప్రతి ప్రాజెక్టులోనూ కొన్ని ఉంటాయి. అవి పెరిగేకొద్దీ అందరికీ ఎరుపు అలవాటైపోతుంది. తరచూ ఉత్తుత్తిగా మోగే గంటను నిజంగా మోగిన రోజున పట్టించుకునేవారు ఉండరు. పరీక్షలను రాయడం కన్నా వాటి మాటకు విలువ ఉండేలా చూడటమే కష్టమైన పని. దానికి కేటాయింపులూ తక్కువే.

మూటకూ లెక్క చెప్పాలి

మనిషి కంప్యూటర్‌లో తయారైన సరుకును నమ్మరాదన్న స్పృహ ఎక్స్‌జడ్‌కు ముందే ఉంది. నిర్వాహకులు సొంతంగా నిర్మించి పంపిన ప్యాకేజీలు టెస్టింగ్‌లోకి వెళ్లవని, ఉమ్మడి నిర్మాణ యంత్రాల్లో తయారైనవే వెళతాయని డెబియన్ 2019 జులైలో ప్రకటించింది. 2013 నుంచి అక్కడే రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ అనే ఉద్యమం రూపుదిద్దుకుంది. ఒకే మూల ప్రతిని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు నిర్మించినా అక్షరం తేడా లేకుండా ఒకే ఫలితం రావాలన్నది దాని లక్ష్యం. వినడానికి తేలిక. నిర్మించిన తేదీ, ఫైళ్లను చదివిన వరుస, ఫోల్డర్ పేరు వంటివన్నీ తుది ఫైలులో దూరిపోతుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరివేయాలి. ఏళ్ల కృషితో డెబియన్ ప్యాకేజీల్లో తొంభై శాతానికి పైగా ఈ స్థితికి చేరాయి. ఇద్దరు వేర్వేరుగా నిర్మించి పోల్చుకుంటే చాలు, మధ్యలో ఎవరైనా వేలు పెట్టారేమో తెలిసిపోతుంది.

అయితే ఒక మెలిక ఉంది. ఎక్స్‌జడ్ విషయంలో మూటలోనే విషం ఉన్నందున, ఆ మూట నుంచి పదిమంది నిర్మించినా పదిమందికీ ఒకే విషం వచ్చేది. అందువల్ల నిర్మాణం కన్నా ఒక మెట్టు ముందు, మూట దగ్గరే లెక్క తేల్చాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఈ పనిని కుట్ర బయటపడక ముందే చేపట్టడం విశేషం. 2024 మార్చిలో జరిగిన మార్పుతో అక్కడి విడుదల మూట గిట్ మూల ప్రతి నుంచి నేరుగా ఒకే ఆదేశంతో తయారవుతోంది. ముందే తయారు చేసి జతపరిచే ఫైళ్లకు స్వస్తి పలికారు. 2024 సెప్టెంబరు 26న వెలువడిన 17వ సంచిక అలా వచ్చిందే. కావలసిన పరికరాలను నిర్మించేవారే సమకూర్చుకోవాలి. కొంత శ్రమ పెరిగింది నిజమే. మచ్చుకు, సరుకుకు తేడా లేదని ఎవరికి వారు సరిచూసుకునే వీలు దక్కింది.

యంత్రానికి కాపలా

విడుదలలను పూర్తిగా యంత్రాలకు వదిలేస్తే చింత తీరుతుందా? 2025 మార్చి 14న దీనికి చేదు జవాబు దొరికింది. గిట్‌హబ్ సంస్థ యాంత్రిక పరీక్షలు, విడుదలల కోసం కల్పించిన సదుపాయంలో టీజే యాక్షన్స్ అనే చిన్న ఉపకరణాన్ని 23 వేలకు పైగా ప్రాజెక్టులు వాడుతున్నాయి. దుండగులు దాన్ని చేజిక్కించుకుని, పాత సంచికల పేర్లన్నిటినీ తమ కోడ్ వైపు మళ్లించారు. ఫలితంగా ప్రాజెక్టుల రహస్య సంకేతాలు నివేదికల్లో అచ్చయ్యాయి. విడుదల చేసే అధికారం యంత్రానికి ఇచ్చినప్పుడు ఇంటి తాళాలూ దాని చేతికే ఇవ్వాలి. ఆ తాళాలే దొంగలకు ఎర. అరువు తెచ్చుకునే ప్రతి ఉపకరణాన్నీ పేరుతో కాక, మార్చడానికి వీలులేని గుర్తింపు సంఖ్యతో పిలవాలన్న జాగ్రత్త ఆ తరవాతే చాలామందికి పట్టింది. పరీక్షలు నడిపే యంత్రానికి తాళాలు ఇవ్వకుండా, విడుదల చేసే యంత్రానికి మాత్రమే, అదీ పనివేళకే పరిమితమైన తాత్కాలిక తాళం ఇచ్చే పద్ధతి క్రమంగా వ్యాప్తిలోకి వస్తోంది.

ఇదిలా ఉండగా, విషం కలిసిన సంచికను వెనక్కు తీసుకోవడంలో డెబియన్‌కు ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురైంది. యాంత్రిక వ్యవస్థలో సంచిక సంఖ్య ముందుకే సాగాలి, వెనక్కు రాదు. అందుకని సురక్షితమైన పాత 5.4.5ను '5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5' అనే పేరుతో కొత్త సంచికగా పంపవలసి వచ్చింది. నిజానికి ఇది 5.4.5 సుమా అని యంత్రానికి కాక మనుషులకు చెప్పుకున్న మాట అది. కుట్ర వెల్లడైన వెంటనే గిట్‌హబ్ మూసివేసిన ఎక్స్‌జడ్ ప్రాజెక్టు మళ్లీ తెరుచుకుంది. జియా టాన్ పేరిట చేరిన మార్పులను పరిశీలించిన లాస్సే కొలిన్, విషాన్ని తొలగించి 2024 మే 29న 5.6.2 సంచికను విడుదల చేశారు.